దీర్ఘం లేని అనుమతి

మా ప్రెస్సులో ఫ్యాన్ తిరగదు. తిరిగితే కాగితాలు ఎగురుతాయి. ఎండ తట్టుకోలేక కస్టమరెవరైనా స్విచ్చి మీద చెయ్యి వేస్తే లోపలి గదిలోంచి ఒక గొంతు వస్తుంది: "దాని జోలికి పోకండి. అది అలంకారానికి పెట్టుకున్నాం."

ఆ గొంతు దీర్ఘాల పిన్నిది. ఆమె అసలు పేరు ఆమె భర్తకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆయన సిటీ బస్సు నడుపుతాడు, ఇంట్లో మాత్రం మాట్లాడటం తక్కువ. మాట్లాడితే దిద్దుతుందని భయం.

అచ్చుకు వెళ్లే ప్రతి అక్షరం పిన్ని కళ్ల కింద నుంచే పోవాలి. కంపోజింగ్ ఆమెదే, తప్పులు దిద్దడమూ ఆమెదే. సీసపు అక్షరాల కాలంలో వాళ్ల నాన్న పక్కన నిలబడి, పెట్టె గళ్లలోంచి అక్షరాలు ఏరి తిరగేసి పేర్చడం నేర్చుకుంది. అలా తిరగబడ్డ అక్షరాలు చదివీ చదివీ, బడి పుస్తకంలో మామూలు అక్షరాలు వంకరగా కనిపించేవట. సీసం పోయి కంప్యూటర్లు వచ్చినప్పుడు ఆమెతో పనిచేసేవాళ్లలో చాలామంది చేతులెత్తేశారు. పిన్ని కీబోర్డు ముందు కూర్చుని ఒకసారి తడిమి చూసి, "ఇదీ పెట్టెనే. గళ్లు చిన్నవి, అంతే" అంది.

దీర్ఘాల పిన్ని అనే పేరు కళ్లజోళ్ల షాపాయన పుణ్యం. ఆయన కొత్త బోర్డు రాయించుకున్నాడు: 'ఇచ్చట కాళ్లు ఉచితంగా పరీక్షించబడును.' పిన్ని లోపలికి వెళ్లి, చెప్పు విడిచి, ఆయన ముందున్న స్టూలు మీద కాలు పెట్టింది.

"మడమ నొప్పిగా ఉంటోంది, చూడండి."

"అమ్మా, ఇది కళ్ల షాపు."

"బోర్డు అలా చెప్పడం లేదే."

ఆయన బయటికొచ్చి బోర్డు చూసుకుని తల పట్టుకున్నాడు. ఆయన తల పట్టుకున్న చెయ్యి దించేలోపు పిన్ని ఆ దీర్ఘం తోక గోటితో గీకేసింది. అడిగి గీకాల్సింది కదా అంటే, "అడిగితే రేపు చూద్దాం అంటాడు. రేపటిదాకా ఊళ్లోవాళ్లు కాళ్లు చాపుతారు" అంది. ఆమె మంచితనమూ అదే, రోగమూ అదే. కళ్ల ముందు ఏదైనా వంకరగా కనిపిస్తే వేలు పెట్టకుండా ఉండలేదు.

ఈ వేలు పెట్టడానికీ చట్టానికీ మధ్య తగువు అల్లుడుగారు వచ్చాక మొదలైంది.

అల్లుడుగారంటే మా ఓనరు పెద్దాయన కూతురి మొగుడు. వ్యవహారాలు చూసుకోవడానికి ప్రెస్సుకి వచ్చాడు. పెద్దాయన అల్లుడూ అని పిలిచేవాడు కాబట్టి, మెషీన్ దగ్గర పనిచేసే మేమూ అల్లుడుగారూ అనే పిలిచేవాళ్లం. పిల్లనిచ్చిన వాళ్లలా మర్యాద చేసేవాళ్లం, వినేవాళ్లకి అది వెక్కిరింతో మర్యాదో తెలిసేది కాదు. ఆయన వస్తూనే అద్దాల గది కట్టించి, అందులో కొత్త కంప్యూటర్ పెట్టి, దానికి పాస్‌వర్డ్ పెట్టాడు. అంతకుముందు మా ప్రెస్సులో ఎవరి కంప్యూటర్ దగ్గర ఎవరైనా కూర్చునేవారు. ఖాళీగా ఉన్న కుర్చీ ఎవరిదంటే కూర్చున్నవాళ్లది.

అల్లుడుగారు గోడకి ఒక నోటీసు కూడా అంటించాడు. 'అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్ తెరుచుట చట్టరీత్యా నేరము.' దాన్ని కంపోజ్ చేసింది పిన్నే. 'రీత్యా'లో రెండు దీర్ఘాలూ ఆమె పెట్టినవే.

టీ తాగేటప్పుడు అల్లుడుగారు ఆ చట్టాన్ని వివరించేవాడు. "పరాయి ఇంట్లో చొరబడటం ఎంత తప్పో ఇదీ అంత తప్పే పిన్నిగారూ."

"తలుపు తీసుంటే?"

"తీసున్నా సరే."

"లోపల్నుంచి మాడు వాసన వస్తుంటే?"

"తలుపు కొట్టాలి. వాళ్లు రమ్మంటే వెళ్లాలి."

"వాళ్లు ఇంట్లో లేకపోతే?"

"అప్పుడు మాడనివ్వాలి."

"బాగుంది. చట్టం చేసినాయనకి వంట రాదన్నమాట."

అల్లుడుగారికి ఇంకో సరదా ఉండేది. పాస్‌వర్డ్ ఏంటని ఎవరడిగినా "చెప్పను" అని, తనలో తాను ముసిముసిగా నవ్వుకునేవాడు. గర్వమనుకున్నాం. అసలు సంగతి ఏమిటంటే, ఆయన పాస్‌వర్డే 'చెప్పను', ఇంగ్లీషు అక్షరాల్లో. అందరికీ రోజూ చెబుతున్నా ఎవరికీ తెలియడం లేదన్నదే ఆయన నవ్వు.

ఒకరోజు అల్లుడుగారు జ్ఞానదంతం పీకించుకోవడానికి వెళ్లాడు. ఉన్న ఒక్కటీ పీకేస్తే ఎలా అని పిన్ని వెనక నుంచి అంది గాని ఆయన వినిపించుకోలేదు. వెళ్లేముందు సంగీత పాఠశాలవాళ్ల పోస్టర్ తనే టైపు చేసి, చూడమని ఒక కాగితం తీసి ఆమె బల్ల మీద పడేశాడు. మధ్యాహ్నానికి అది అచ్చయిపోవాలి.

ఆ కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాల్లో ఇలా ఉంది: 'పిల్లలూ, పెద్దలూ, అందరూ వచ్చి పడండి.'

పిన్ని దాన్ని తీసుకొచ్చి మెషీన్ దగ్గర మాకు చూపించింది. మేం నవ్వి నవ్వి మసి చేతులతోనే కళ్లు తుడుచుకున్నాం. తర్వాత పెద్దాయన దగ్గరికి వెళ్లింది. ఆయన నవ్వలేదు.

"పాడండి కదా ఉండాలి. మార్చెయ్."

"ఫైలు, వాళ్లిచ్చిన బొమ్మలతో సహా, అల్లుడుగారి దాంట్లో ఉంది. దానికి తాళం ఉంది."

"ఫోన్ చెయ్."

చేసింది. అవతల నుంచి "ఊఁ, ఊఁహూఁ, ఆఁ" అని మాత్రమే వచ్చింది. మత్తుమందు ఎక్కి నోరు పనిచేయడం లేదు.

"అయితే రాసి అడుగు. అల్లుడు చెప్తే తెరువు, చెప్పకపోతే వదిలెయ్. సంగీతం వాళ్లకి నేనేదో ఒకటి చెప్పుకుంటా" అన్నాడు పెద్దాయన.

పిన్ని మెసేజ్ పెట్టింది: పాస్‌వర్డ్ చెప్పండి. అవతలి నుంచి ఒకే మాట వచ్చింది, ఇంగ్లీషు అక్షరాల్లో: చెప్పను. ఆ తర్వాత డాక్టరు ఫోన్ లాక్కున్నట్టున్నాడు, ఇంకేం రాలేదు.

ఇక్కడే ఉంది తిరకాసంతా. మన మాటని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే 'చెప్పను'కీ 'చెప్పాను'కీ తేడా ఉండదు. రెండూ అవే అక్షరాలు. పెద్దాయన కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని, ఫోన్ దూరంగా పట్టుకుని చదివాడు.

"అదిగో, చెప్పాను అంటున్నాడుగా. చెప్పాక ఇంకేంటి, వెళ్లి తెరువు."

ఆయన లేని దీర్ఘం పెట్టి చదివాడని పిన్నికి తెలుసు. ఊళ్లో బోర్డులన్నిటికీ కాపలా కాసే మనిషి ఆ ఒక్క దీర్ఘాన్నీ దిద్దకుండా ఊరుకుంది. 'సరే' అని అద్దాల గదిలోకి నడిచింది. పాస్‌వర్డ్ తెలియదు. ఆయన వద్దన్న మాటే చేతికొచ్చింది, దాన్నే కొట్టి చూసింది. తెరుచుకుంది.

పోస్టర్ ఫైలు తీసి 'ప'కి దీర్ఘం పెట్టి, సేవ్ చేసి, అచ్చు ప్లేటుకి పంపేసింది. అప్పుడే లేచి రావాల్సింది. కానీ ఆ ఫైలు మూయగానే దాని వెనకాల ఒక ఆకుపచ్చ బల్ల కనిపించింది. దాని మీద పేక ముక్కలు. ఒంటరిగా ఆడుకునే ఆట, సగంలో ఆపి ఉంది. ఒక వరసలో ఆఠీను రాణి తెరుచుకుని ఉంది. పక్క వరసలో ఇస్పేటు జాకీ ఊరికే నిలబడి ఉంది.

పిన్ని ఆ జాకీని చూసింది. అది వెళ్లి రాణి మీద కూర్చోవచ్చు. కూర్చోకుండా నిలబడి ఉంది. కాళ్లు ఉచితంగా పరీక్షించబడును అన్న బోర్డు చూసినప్పుడు ఎలా ఉంటుందో ఆమెకి అలాగే అయింది.

జాకీని తీసి రాణి మీద పెట్టింది. దాని కింద ముక్క తిరగబడింది. ఇక ఆగుతుందా. చాలాసేపు ఆడింది. భోజనానికి పిలిచినా వినిపించుకోలేదు. చివరికి ముక్కలన్నీ బిగుసుకుపోయి, ఓడిపోయినట్టు తేలింది. కింద ఒక మూల వరుస గెలుపులు అని రాసి ఉన్నచోట పెద్ద అంకె ఒకటి ఉండేది. అది సున్నా అయింది. పిన్ని దాన్నొకసారి చూసి, కంప్యూటర్‌కి తాళం వేసి, మెల్లగా వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

మర్నాడు ఉదయం అల్లుడుగారు వాచిన దవడతో వచ్చాడు. అద్దాల గదిలోకి వెళ్లిన కాసేపటికి బయటికొచ్చి నిలబడ్డాడు. ఆ మొహం చూస్తే ఇంకో పన్ను కూడా పీకారేమో అనిపించింది.

"నా కంప్యూటర్‌లోకి ఎవరొచ్చారు?"

"నేనే" అంది పిన్ని తల ఎత్తకుండానే. "అందరూ వచ్చి పడకుండా ఆపడానికి."

"నేను చెప్పనన్నాను కదా."

"అన్నారు. అదే కొట్టాను."

అల్లుడుగారి చెవులు ఎర్రబడ్డాయి. అంత గొప్పగా దాచుకున్న తాళం ఇలా ఊడిపోవడం ఒక బాధ. సున్నా అంతకంటే పెద్ద బాధ. దాన్ని మామగారి ముందు పైకి అనలేడు. అనలేని కోపం అడ్డదారిన బయటికొచ్చింది. "ఇది నేరం. నా డేటా మార్చారు. కంప్లయింట్ ఇస్తాను" అన్నాడు. అన్నంత పనీ చేశాడు.

దాంతో మాటలు మరోవైపు మళ్లాయి. మా వీధి చివర ఇంకో ప్రెస్సుంది. అది పిన్ని చెల్లెలి భర్తది. కిందటేడు మా క్యాలెండర్ లాంటిదే వాళ్లూ వేశారు. డేటా అన్న మాట వినగానే పెద్దాయనకి ఆ క్యాలెండర్ గుర్తొచ్చింది.

"దీర్ఘం పెట్టడానికి ఎంతసేపు పడుతుందమ్మా?" అని పిన్నిని అడిగాడు.

"క్షణం."

"మరి నువ్వు భోజనాలయ్యేదాకా ఆ గదిలోంచి రాలేదట."

పిన్ని నోట్లో నువ్వుగింజ నానదు, ఆ రోజు మాత్రం నోరు పెగల్లేదు. పేకాడానంటే అల్లుడుగారి గుట్టు మామగారి ముందు బయటపడుతుంది. పైగా ఓడిపోయానని కూడా చెప్పాలి. చెప్పకపోతే మరిదికి డిజైన్లు మోసిన దొంగ అవుతుంది. కుర్చీ పోతుంది, పైన కేసు. మా నాన్న నిలబడ్డ చోటిది అని ఆమె ఎప్పుడూ చెప్పుకునే కుర్చీ.

కంప్యూటర్ నేరాలు చూసే ఇన్‌స్పెక్టరమ్మ మధ్యాహ్నానికి వచ్చింది. కూర్చోవడానికి కాగితాల కట్ట తప్ప ఏం దొరకలేదు. చెమట తుడుచుకుని ఫ్యాన్ స్విచ్చి మీద చెయ్యి వేసింది. లోపలి గదిలోంచి గొంతు రాలేదు. స్విచ్చి పడింది. పెళ్లిపిలుపులూ కరపత్రాలూ గదంతా ఎగిరాయి. మేం వాటిని ఏరే వంకతో మెషీన్ ఆపి, అక్కడే నిలబడిపోయాం.

"కంప్యూటర్ ఎవరిది?" ఇన్‌స్పెక్టరమ్మ మొదలుపెట్టింది.

"నాది" అన్నాడు అల్లుడుగారు.

"కొన్నది నేను" అన్నాడు పెద్దాయన.

"వాడేది?"

"నేనే."

"పాస్‌వర్డ్ ఏంటి?"

"చెప్పను."

"పోలీసులకి చెప్పాలి సార్."

"అదే మేడమ్. చెప్పను."

ఆమె పెన్ను పక్కన పెట్టింది. "మీ పన్ను నొప్పి నాకు అర్థమవుతోంది. కానీ నాతో పరాచికాలొద్దు."

"పరాచికం కాదు మేడమ్. పాస్‌వర్డే చెప్పను."

ఆమెకి అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. అర్థమయ్యాక పక్కకి తిరిగి దగ్గింది. "అంటే ఈమె అడిగినప్పుడు మీరు పాస్‌వర్డ్ చెప్పేశారన్నమాట."

"లేదు మేడమ్, చెప్పనని చెప్పాను."

"చెప్పనని చెప్పారా, చెప్పానని చెప్పారా?"

"చెప్పాను అని కాదు, చెప్పను అని చెప్పాను."

పెద్దాయన అడ్డం వచ్చాడు. "ఆ ఫోన్ నేను చూశాను. చెప్పాను అనే ఉంది. నేనే తెరవమన్నాను."

ఇన్‌స్పెక్టరమ్మ పిన్ని వైపు తిరిగింది. "చూడండమ్మా. చట్టం అడిగేది ఒకటే, అనుమతి ఉందా లేదా. ఆయన చెప్పానన్నాడనుకునే మీరు లోపలికెళ్లి ఉంటే ఇందులో మీ తప్పు లేదు. మీరు ఎలా చదివారు?"

దారి అంత శుభ్రంగా ఊడ్చి పెట్టింది. పిన్ని ఒక్క దీర్ఘం ఒప్పుకుంటే చాలు. మేం అందరం ఆమె పెదాల వైపే చూస్తున్నాం.

"దీర్ఘం లేకుండానే చదివాను" అంది పిన్ని. "ఆయన వద్దనే అన్నారు. పెద్దాయన తప్పు చదివారు. నాకు తెలిసీ దిద్దలేదు."

"మరి ఎలా తెరిచారు?"

"ఉడుకుమోత్తనం. వద్దన్న మాటనే కొట్టి చూశాను."

"తెరిచి ఏం చేశారు? పోస్టర్ అయిపోయాక కూడా చాలాసేపు తెరిచే ఉంది."

అల్లుడుగారు తిరుగుతున్న ఫ్యాన్ వైపు చూడటం మొదలుపెట్టాడు. పిన్ని ఆయన్ని చూసి, పెద్దాయన్ని చూసి, చీర కొంగు బొడ్లో దోపుకుంది.

"పేకాడాను."

"ఎక్కడ?" అన్నాడు పెద్దాయన.

"అల్లుడుగారి దాంట్లో. ఆట సగంలో ఉంది. ఇస్పేటు జాకీకి చోటుంది, నిలబడే ఉంది. ఎంతసేపని చూస్తూ ఊరుకోను."

ఇన్‌స్పెక్టరమ్మ అద్దాల గదిలోకెళ్లి కంప్యూటర్ అంతా చూసి వచ్చింది. "ఏదీ కాపీ చేసిన జాడ లేదు. మారినవి రెండు. పోస్టరూ, పేకాట లెక్కా." కాగితాల కట్ట మీద మళ్లీ కూర్చుంది. "అమ్మా, పోస్టర్ కోసమైనా ఆయన వద్దన్నాక వెళ్లకూడదు. పేకకైతే వద్దనేవాళ్లు కూడా లేరు, మీరే అడగలేదు. వంటగదిలో మంట ఆర్పడానికొచ్చి, పడకగదిలో దుప్పటి సర్దినట్టుంది ఇది. రెండూ తప్పే."

"రెండూ తప్పే" అంది పిన్ని.

"సార్, ఆమె ఒప్పుకున్నారు. ఇక మీరు మీకు జరిగిన నష్టం ఏంటో మీ మాటల్లో రాసి సంతకం పెట్టండి. కేసు నడుస్తుంది." అల్లుడుగారికి పెన్ను అందించింది.

అల్లుడుగారు పెన్ను పట్టుకున్నాడు. 'నా' అని రాశాడు. ఆగాడు. దవడ తడుముకున్నాడు. ఆయన మొహం గుమ్మడికాయల దొంగ మొహంలా తయారైంది.

"డేటా అని రాయొచ్చా మేడమ్?"

"ఏ డేటానో రాయాలి."

"నేను... వరుసగా గెలుస్తూ వస్తున్నాను."

పెద్దాయన కళ్లజోడు నుదుటి మీద నుంచి కిందకి దించాడు. "ఎప్పట్నుంచి గెలుస్తున్నావు అల్లుడూ?"

"పెళ్లయిన కొత్తలో మొదలైంది మామయ్యా."

"ఒక్కసారి కూడా ఓడలేదా?"

"లేదు మామయ్యా" అన్నాడు అల్లుడుగారు. గొంతులో సిగ్గుతో పాటు కాస్త గర్వం కూడా తొంగిచూసింది.

"ఇక్కడే కూర్చునా?"

అల్లుడుగారు పెన్ను మూత పెట్టి ఇన్‌స్పెక్టరమ్మకి ఇచ్చేశాడు. "నష్టం పెద్దగా లేదులెండి మేడమ్. నేను కంప్లయింట్ వెనక్కి తీసుకుంటున్నాను." ఆమె ఇద్దరినీ సమానంగా తిట్టింది. ఒకరిని తలుపు నెట్టినందుకు, ఒకరిని తాళంచెవిని రోజూ వీధిలో ఊపుకుంటూ తిరిగినందుకు. తిట్టాక ఫ్యాన్ ఆపేసి వెళ్లిపోయింది.

పెద్దాయన పిన్ని కుర్చీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "నీ మీద నాకు అనుమానమొచ్చింది. ఆ మాట నీ మొహం మీద చెప్పాలి కదా, చెబుతున్నాను."

"రావడం చూశాను."

"ఏం చేశావో చెప్పకపోయుంటే ఇవాళే పంపించేసేవాణ్ని. చెప్పావు కాబట్టి ఉండు. కానీ ఆ అద్దాల గది గడప తొక్కావంటే ఊరుకోను."

"తొక్కను."

"నేను తప్పు చదివితే నాకు చెప్పు. అంతమందిలో నన్ను వెర్రివాణ్ని చేశావు."

దానికి మాత్రం పిన్ని తల దించుకుంది. "అది నిజంగా తప్పే బాబుగారూ" అంది. పోలీసు ముందు ఒప్పుకున్నప్పటికంటే మెల్లగా అంది.

మేం మెషీన్ వేశాం. నిన్న ఇవ్వగా మిగిలిన సంగీత పాఠశాల పోస్టర్లు బయట తాళ్ల మీద వేలాడుతున్నాయి. పిన్ని తర్వాతి పని ముందేసుకుంది, ఎవరిదో సబ్బు డబ్బా మీద వేసే లేబుల్. కాసేపటికి అల్లుడుగారు అద్దాల గదిలోంచి వచ్చి, గడపకి ఇవతలే ఆగి, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని గుసగుసగా అడిగాడు.

"పిన్నిగారూ, జాకీ కదిపాక ఏం కదిపారు?"

"కళావరు పదిని తీశాను."

"అయ్యో. ముందు రాజుని ఖాళీలోకి పంపాలి కదా. అందుకే ఓడిపోయారు."

"నేను ఓడిపోలేదు" అంది పిన్ని లేబుల్ మీద నుంచి చూపు తిప్పకుండా. "మీరు అప్పటికే ఓడిపోయున్న ఆటని నేను పూర్తి చేశాను."

"అది గెలిచే ఆట."

"అయితే ఆపి పన్ను పీకించుకోవడానికి ఎందుకెళ్లారు?"

"నొప్పి కదా పిన్నిగారూ."

"నొప్పి పంటికి. ముక్కలు చేతిలో కదా ఉండేది."

పెద్దాయన తన గదిలోంచి దగ్గాడు. అల్లుడుగారు లోపలికెళ్లి తలుపు వేసుకున్నాడు. పిన్ని సబ్బు లేబుల్ మీద మొదటి మాటలోనే ఏదో పట్టుకుని, ఎర్ర పెన్ను అందుకుంది.